ఒక గడిలో ఇమడని మనిషి

పదవ తరగతి పూర్తిచేసి కళాశాలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ ఒక దరఖాస్తు పత్రం నింపుతాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష వరుసగా అడిగే ఆ పత్రంలో 'మతం' అనే చిన్న గడి కూడా ఉంటుంది. పుట్టిన తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి ధ్రువపత్రంతో సరిచూసుకొనే విద్యార్థి సైతం ఈ గడి దగ్గర ఆగడు. ఇంట్లో విన్న మాటను, అన్నయ్యో అక్కయ్యో అంతకుముందు రాసిన మాటను తానూ రాసి ముందుకు సాగిపోతాడు. ఆ మాట తన జీవితంలో దేనికి గుర్తు అన్న ప్రశ్న అప్పటికి అతనికి పుట్టదు.

ఆ ప్రశ్న పుట్టవలసిన వయసు మాత్రం అదే. పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో 'నేనెవరిని?' అనే ఆలోచన ప్రతి మనిషిలోనూ మొదలవుతుంది. సరిగ్గా ఆ వయసులోనే మతం పేరు పెట్టి పిలిచేవారూ ఎదురవుతారు. ఒకరు 'నీవు మావాడివి' అని భుజం మీద చేయి వేస్తారు. మరొకరు 'నీవు మావాడివి కావు' అని దూరం జరుగుతారు. ఈ ఇద్దరికీ నిదానంగా సమాధానం చెప్పగలగాలంటే మతం మనిషిని ఎలా తీర్చిదిద్దుతుందో, మనిషి తన మతాన్ని ఎలా మలచుకొంటాడో తెలిసి ఉండాలి. మతం ఇచ్చే గుర్తింపు మన జీవితానికి ఆరంభమే గాని అవధి కాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మతాన్ని దేవుని వైపునుంచి కాక మనుషుల వైపునుంచి చూసే శాస్త్రం సమాజశాస్త్రం. దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చలోకి అది వెళ్లదు. కొందరు మనుషులు కలిసి కొన్ని వస్తువులను, స్థలాలను, దినాలను పవిత్రమని భావించినప్పుడు ఆ మనుషుల మధ్య ఏం జరుగుతుందో అది పరిశీలిస్తుంది. ఈ పరిశీలనకు పునాది వేసినవారిలో ఫ్రెంచి పండితుడు ఎమిల్ దుర్ఖైమ్ ముఖ్యుడు. ఆయన 1858లో యూదు మతాచార్యుల వంశంలో పుట్టాడు. తాను మాత్రం ఆ వృత్తిని స్వీకరించక అధ్యాపకుడయ్యాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి ఇతరులు సేకరించిన సమాచారాన్ని ఆధారం చేసుకొని మతజీవనపు మూలరూపాలను గురించి 1912లో ఒక గ్రంథం ప్రకటించాడు. విడివిడిగా బతికే మనుషులు ఒక్కచోట చేరి, ఒకే లయలో పాడి, ఒకే వస్తువుకు మొక్కినప్పుడు వారిలో ఒంటరిగా ఉన్నప్పుడు లేని బలం పుడుతుందని, ఆ బలాన్నే వారు దైవశక్తిగా అనుభవిస్తారని ఆయన ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదనను భక్తులందరూ ఒప్పుకోకపోవచ్చు. జాతరలో జనసందోహం మధ్య నిలబడి ఒళ్లు పులకరించిన ప్రతివారికీ అందులో కొంత నిజం ఉన్నదని మాత్రం తెలుస్తుంది.

మతం సమూహాన్ని కూడగడుతుందని దుర్ఖైమ్ చెప్పగా, ఆ సమూహంలో 'నేను' అనే భావన ఎలా రూపొందుతుందో అమెరికా పండితులు ఇద్దరు వివరించారు. చార్లెస్ కూలీ 1902లో ప్రకటించిన గ్రంథంలో ఇతరుల చూపును అద్దంతో పోల్చాడు. ఇతరులు మనలను ఎలా చూస్తున్నారని మనం అనుకొంటామో దానినిబట్టి మనలను మనం అంచనా వేసుకొంటామన్నాడు. జార్జి హెర్బర్ట్ మీడ్ ఉపన్యాసాలు ఆయన మరణానంతరం 1934లో పుస్తకంగా వెలువడ్డాయి. మనలో ఇతరుల అపేక్షలను ఒంటబట్టించుకొన్న భాగం ఒకటి, వాటికి తనదైన రీతిలో బదులు పలికే భాగం మరొకటి ఉంటాయని ఆయన వివరించాడు. మొదటి భాగం లేకపోతే మనిషి సమాజంలో మెలగలేడు. రెండవది లేకపోతే సమాజం చెప్పినదానికి ప్రతిధ్వనిగా మిగిలిపోతాడు. మతవిషయంలో ఈ రెండు భాగాలూ ఎలా పనిచేస్తాయో తెలుగుదేశంలోని ఒక ఆచారం ద్వారా చూద్దాం.

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరు ఉంది. అక్కడి పీరు కుళ్లాయప్పస్వామి. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో అమరుడైన ఇమాం హుసేన్ స్మృతిలో ముస్లిములు పాటించే మొహర్రం, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగగా అందరిదీ అయింది. పీర్ల చావిడిలో వస్త్రాలు చుట్టి నిలిపిన పీర్లకు హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కుతారు. చక్కెర చదివిస్తారు. చావిడి ముందు నిప్పుల గుండం చుట్టూ ఆడతారు. గూగూడులో కుళ్లాయప్ప చావిడికి సమీపంలోనే ఆంజనేయస్వామి గుడి ఉంది. భక్తులు ఒకచోట మొక్కి మరొకచోటికి వెళ్లడంలో ఎలాంటి వింతా కనిపించదు. ఈ ఊరి పండుగను చాలాకాలం పరిశీలించిన తెలుగు కవి, ఆచార్యుడు అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆంగ్లంలో ఒక గ్రంథం వెలువరించి, ఈ ఉమ్మడి భక్తిని ప్రపంచ పండితుల దృష్టికి తెచ్చారు.

'కుళ్లాయప్ప' అన్న పేరునే గమనించండి. కుళ్లాయి అంటే తల మీద ధరించే టోపీ. ఆ మాట పారసీక భాషనుంచి మనకు వచ్చింది. శ్రీనాథ మహాకవిది అని ప్రచారంలో ఉన్న ఒక చాటు పద్యంలో, కన్నడ రాజసభకు వెళ్లేటప్పుడు ఆయన తలకు పెట్టుకొన్నది ఈ కుళ్లాయే. దాని చివర చేరిన 'అప్ప' అచ్చమైన ద్రావిడ పదం. రెండు భాషలు ఒక పేరులో కలిసిపోయి ఒక స్వామి అయినాడు. ఆ స్వామి పేరును తమ బిడ్డలకు పెట్టుకొనే కుటుంబాలు అనంతపురం ప్రాంతంలో అనేక కులాల్లో ఉన్నాయి. అలాగే హుసేనప్ప, దస్తగిరి, మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందూ కుటుంబాల్లోనూ వినిపిస్తాయి. దస్తగిరి అన్నది పన్నెండవ శతాబ్దపు బాగ్దాదు సూఫీ మహనీయుడు అబ్దుల్ ఖాదిర్ జిలానీకి భక్తులు ఇచ్చిన బిరుదు. చేయి పట్టుకొని ఆదుకొనేవాడని దాని అర్థం. పిల్లలు పుట్టక, పుట్టినా దక్కక బాధపడిన ఏ తల్లో దర్గాకు మొక్కుకొని, మొక్కు తీరిన గుర్తుగా బిడ్డకు ఆ పేరు పెట్టుకొన్నది. ఆ బిడ్డ పెద్దవాడై దరఖాస్తు పత్రం నింపేటప్పుడు పేరు గడిలో 'దస్తగిరి' అని, మతం గడిలో 'హిందూ' అని రాస్తాడు. అతనికి అందులో ఏ వైరుధ్యమూ తోచదు. చదివే అధికారికి మాత్రం కనుబొమ ముడిపడుతుంది.

ఇటువంటి ఉదాహరణలు మరికొన్ని ఉన్నాయి. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద మొహర్రం సమయంలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవారు, ఆ కోరిక తీరినవారి చేతినుంచి రొట్టె అందుకొంటారు. తమ కోరిక తీరిన తరువాత తాము రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. చదువుకో రొట్టె, పెళ్లికో రొట్టె, సంతానానికో రొట్టె. ఇచ్చేవారి మతమేమిటో పుచ్చుకొనేవారు అడగరు. కడపలో ఉగాదినాడు ముస్లిములు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తారు. స్వామిని పెండ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అన్న విశ్వాసం వారిది. ఈ విశ్వాసాలకు చారిత్రక ఆధారాలు వెదకడం ఇక్కడ ముఖ్యం కాదు. ఆ వరుస కలుపుకొన్న మనుషులు తమను తాము ఎలా భావించుకొన్నారన్నది ముఖ్యం. వారి దృష్టిలో తమ మతం ఇంటికి గుమ్మం వంటిది. గుమ్మం ఉన్నంతమాత్రాన ఇరుగింటికి వెళ్లకూడదని వారు అనుకోలేదు.

మరి ఈ గుమ్మాలు గోడలుగా ఎలా మారాయి? కారణాలు అనేకం. వాటిలో ఒకటి మన చర్చకు మొదట వచ్చిన గడే. బ్రిటిషు ప్రభుత్వం 1871-72లో తొలి జనాభా లెక్కలు తీయించింది. 1881లో దేశమంతటా ఒకేమారు లెక్కించింది. ప్రతి మనిషినీ ఏదో ఒక మతం గడిలో చేర్చడం లెక్కల ఉద్యోగికి విధి అయింది. జనులు మాత్రం అంత తేలికగా గడిలో ఇమడలేదు. 1911 జనాభా లెక్కల్లో గుజరాత్ ప్రాంతపు కొన్ని సముదాయాలు ఎటూ చేర్చడానికి వీలులేక 'హిందూ మహమ్మదీయులు' అనే పేరుతో నమోదయ్యాయి. ఉభయ సంప్రదాయాలనూ పాటించే ఆ జనుల దృష్టిలో అది సహజ జీవనం. లెక్కల దృష్టిలో అది చిక్కు. ఆ తరువాత చట్టసభల స్థానాలు, ఉద్యోగాలు, రాజకీయ బలాబలాలు ఈ లెక్కలతో ముడిపడ్డాయి. దాంతో ఏ గడిలో ఎందరున్నారన్నది మనుషుల మధ్య పోటీకి కారణమైంది. లెక్కించడం తప్పని ఇక్కడ చెప్పడం లేదు. లెక్కలు లేకపోతే ఏ వర్గం వెనుకబడి ఉన్నదో ప్రభుత్వానికి తెలియదు. లెక్క కోసం వేసిన గీతను మనిషి తన మనసులోనూ గీసుకోవడమే ప్రమాదం.

ఇటీవలి దశాబ్దాల్లో ఉమ్మడి ఆచారాలను ఉభయ పక్షాలవారూ ఆక్షేపిస్తున్నారు. పీరుకు మొక్కడం ఏకేశ్వర విశ్వాసానికి విరుద్ధమని కొందరు ముస్లిములు అంటున్నారు. పరమతపు చావిడికి వెళ్లడమేమిటని కొందరు హిందువులు అంటున్నారు. ఈ ఆక్షేపణలను తేలికగా తోసివేయడం న్యాయం కాదు. తాత చేసిన పనిని తానెందుకు చేయాలని ఒక యువకుడు గ్రంథాలు చదివి, ఆలోచించి, పీరుకు మొక్కడం మానుకొంటే అది అతని అంతరాత్మకు సంబంధించిన నిర్ణయం. మీడ్ చెప్పిన బదులు పలికే భాగం అతనిలో మేల్కొన్నదని మనం గ్రహించాలి. అయితే తాను మానుకోవడంతో తృప్తిపడక, మొక్కే ముసలమ్మను దారిలో అడ్డగించి, 'నీవు అసలైన ముస్లిమువు కావు', 'నీవు అసలైన హిందువువు కావు' అనడం వేరు. మొదటివాడు తన మతాన్ని తాను శోధించుకొంటున్నాడు. రెండవవాడు ఎదుటివారి 'నేను'ను తానే నిర్వచించబోతున్నాడు. ఎవరికైనా తనను తాను నిర్వచించుకొనే హక్కు ఉన్నదే గాని, ఇరుగుపొరుగువారిని నిర్వచించే హక్కు లేదు.

ఉమ్మడి పండుగలను మెచ్చుకొనేవారు మరచిపోకూడని విషయం కూడా ఒకటి ఉంది. పీర్ల ముందు కలిసి ఆడిన ఊరే, ఆటకు డప్పు కొట్టినవానిని మరునాడు గుడి బయటనే నిలిపిన సందర్భాలు మన పల్లెల చరిత్రలో కొల్లలు. పండుగనాటి కలయిక అంటరానితనాన్ని తొలగించలేకపోయింది. సమూహం ఇచ్చే గుర్తింపు అందరికీ ఒకేవిధమైన ఆనందాన్ని ఇవ్వదు. కొందరికి అది ఆసరా, కొందరికి అది సంకెల. కూలీ చెప్పిన అద్దాన్నే తలచుకొంటే, తన ముఖాన్ని నిత్యం హీనంగా చూపే అద్దం ముందు మనిషి ఎంతకాలం నిలబడగలడు?

ఈ ప్రశ్నకు మన దేశంలో అత్యంత గంభీరంగా బదులు పలికినవాడు డాక్టర్ భీంరావ్ అంబేద్కర్. 1935లో నాసిక్ జిల్లా యేవలాలో జరిగిన సభలో, తాను హిందువుగా పుట్టడం తన చేతిలో లేకపోయినా హిందువుగా మరణించబోనని ఆయన ప్రకటించాడు. ప్రకటించిన వెంటనే మతం మారలేదు. ఇరవయ్యొక్క సంవత్సరాలు చదివాడు, చర్చించాడు, వివిధ మతాలను పోల్చి చూశాడు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించాడు. రెండు నెలలైనా గడవకముందే, డిసెంబరు 6న కన్నుమూశాడు. ఈ సంఘటనలో సమాజశాస్త్రం గమనించవలసిన అంశాలు రెండున్నాయి. మొదటిది, ఆయన తనకు ఇచ్చిన గుర్తింపును తిరస్కరించి తాను కోరిన గుర్తింపును నిర్మించుకొన్నాడు. రెండవది, మతం వద్దని ఊరుకోలేదు. సమానత్వం, వివేచన, కరుణ ఉన్న ధర్మం మనిషికి అవసరమని భావించి, దానిని తన ప్రజలతో కలిసి స్వీకరించాడు. ఒంటరిగా స్వతంత్రుడు కావడం కన్నా నలుగురితో కలిసి గౌరవంగా నిలబడడమే ఆయనకు ముఖ్యమైంది. ఆయన ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వేచ్ఛను హామీ ఇచ్చింది. మతాన్ని అవలంబించే హక్కుకన్నా ముందుగా అంతరాత్మను పేర్కొనడం గమనించదగినది.

నేటి యువతలో కొందరు, 'మాకు మతంతో పనిలేదు, ఆధ్యాత్మికత ఉంటే చాలు' అంటున్నారు. ఈ ధోరణికీ చరిత్ర ఉంది. అమెరికన్ తాత్త్వికుడు విలియం జేమ్స్ 1902లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథంలో, సంస్థలను, క్రతువులను పక్కనపెట్టి ఏకాంతంలో వ్యక్తి పొందే అనుభూతిమీదనే దృష్టి నిలిపాడు. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే మన యోగులు, సూఫీలు, సంతులు బాహ్యాచారం కన్నా అంతశ్శుద్ధి మిన్న అని బోధించారు. కులమతాల గడులు దాటి గురువును ఎంచుకొన్నవారూ మనకు తెలుసు. పోతులూరి వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో పుట్టాడని సంప్రదాయం చెబుతుంది. పుట్టుక ఇచ్చిన గుర్తింపుకు, హృదయం కోరిన గుర్తింపుకు మధ్య నడిచిన మనిషికి అతడొక చక్కని ఉదాహరణ.

ఆధ్యాత్మికత పేరుతో మనుషులకు దూరం కావడం మాత్రం మేలు చేయదు. ఇష్టమైన మాటలు మాత్రమే ఏరుకొని, కష్టమైన బాధ్యతలను వదిలిపెట్టే ఆధ్యాత్మికత, కొనుక్కొని తెచ్చుకొన్న అలంకార వస్తువుతో సమానం. మతసంప్రదాయం మనిషికి ఓదార్పుతోపాటు విధులనూ ఇస్తుంది. చావు వచ్చిన ఇంటికి వెళ్లాలి, ఆకలిగొన్నవానికి పెట్టాలి, ఇరుగింటి పెండ్లికి చేయి కలపాలి. సిద్దయ్య గురువును ఆశ్రయించి సేవ చేశాడు. నెల్లూరులో కోరిక తీరినవారు రొట్టె తిరిగి ఇవ్వాలి. అంతరంగంలో వెలిగిన దీపం పొరుగువాని ముఖం చూడడానికి ఉపయోగపడినప్పుడే దానికి సార్థకత.

కాబట్టి 'నేనెవరిని?' అన్న ప్రశ్నకు మతం ఒక్కటే సమాధానం కాదు, మతం లేకుండా సమాధానం పూర్తి కాకపోవచ్చు కూడా. పుట్టిన ఇల్లు మనకొక భాషను, కొన్ని పండుగలను, కొన్ని మొక్కులను, కొన్ని నిషేధాలను ఇచ్చింది. వాటిని అర్థం చేసుకోవడం మొదటి మెట్టు. వాటిలో ఏవి మనలను మంచివారిగా చేస్తున్నాయో, ఏవి ఎదుటివారిని చిన్నబుచ్చుతున్నాయో వివేచించడం రెండవ మెట్టు. నిలుపుకోదగినదానిని ప్రేమతో నిలుపుకోవడం, విడువదగినదానిని ధైర్యంగా విడవడం మూడవ మెట్టు. ఈ మూడు మెట్లు ఎక్కనివాని తరఫున ఇతరులే మాట్లాడతారు. ఎవరో పిలిచిన చోటికి పరుగెత్తడం, ఎవరో చూపినవానిని ద్వేషించడం అతని పని అవుతుంది. మతం పేరుతో జరిగిన అల్లర్లలో రాయి విసిరిన యువకులలో ఎందరు తమ గడిలోని మాటకు అర్థం ఏమిటని ఒక్కనాడైనా ఆలోచించి ఉంటారు?

విద్యార్థులు ఈ విచారణను తమ ఇంటినుంచే మొదలుపెట్టవచ్చు. మీకు ఆ పేరు ఎందుకు పెట్టారో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఏ దేవునికి, ఏ దర్గాకు, ఏ చర్చికి మొక్కుకొన్నారో చెబుతారు. మీ ఊరి పండుగలో ఎవరెవరు ఏ పని చేస్తారో, ఎవరిని ఎక్కడివరకు రానిస్తారో గమనించండి. మీ పక్క బల్లమీద కూర్చొనే మిత్రుడు ఏ పండుగనాడు ఎందుకు ఉపవాసం ఉంటాడో తెలుసుకోండి. ఇకముందు ఏ దరఖాస్తులోనైనా మతం గడి ఎదురైనప్పుడు రాసే మాట బహుశా పాతదే కావచ్చు. కాని అది రాసే ముందు ఒక్క క్షణం మీ కలం ఆగుతుంది. ఆ క్షణంలో మీకు మీ అమ్మమ్మ మొక్కు గుర్తుకు వస్తుంది, మీ మిత్రుని ఉపవాసం గుర్తుకు వస్తుంది, గుడి బయట నిలబడిన డప్పు వాద్యకారుడూ గుర్తుకు వస్తాడు. వారందరినీ తలచుకొని రాసిన మాట మీ సొంత మాట అవుతుంది.